మట్టి మీద అరచెయ్యి

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటాయన పిల్లల డాక్టరు. రిటైరయ్యాక ఆయనకి పొద్దు గడవడం లేదని ఆంటీ దిగులుపడేవారు.

మేం ఇల్లు కొన్న ఏడాది ఇక్కడి వేసవి ఎండలకి మా లాన్ మాడి బోడిగుండైంది. సిగ్గేసి ఆగస్టులోనే గడ్డి గింజలు చల్లబోయాను. ఆయన గబగబా వచ్చి, మట్టి మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా వేడిగా ఉందయ్యా, ఆగు," అన్నారు. ఆ తర్వాత రోజూ వాకింగ్‌కి వెళ్తూ అలాగే వంగి చూసేవారు.

సెప్టెంబరులో ఓ పొద్దున బెల్ కొట్టి, "ఇవాళ చల్లెయ్," అన్నారు. ఇద్దరం ఎండుగడ్డి గీకేసి, గింజలు చల్లి, నీళ్ళు పెట్టాం.

పదో రోజుకి నేలంతా పచ్చటి నూగు వచ్చింది. పరుగెత్తి ఆయన్ని పిలుచుకొచ్చాను.

"నలభై ఏళ్ళ ప్రాక్టీసులో ఏడవకుండా కోలుకున్న పేషెంటు ఇదొక్కటేనయ్యా!"

ఆయన నవ్వు విని ఆంటీ బయటికొచ్చారు.