నీళ్లకు కావలి కూర్చున్న రోజు

మొన్న కోరుట్లలో మా అల్లుడు ప్లాటు చూపిస్తానని నన్ను బండి మీద ఎక్కించుకుని పోయాడు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఎండలో నిలబడి వచ్చినవాడు సొంత నీడ కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఎర్రమొరం పోసి చదును చేసిన జాగ, తెల్లరంగు పూసిన హద్దురాళ్లు, అమ్మేవాడి చేతిలో రంగుల పటం. ఆ పటంలో చెట్లున్నాయి, పార్కుంది, పిల్లలు ఊగే ఉయ్యాల కూడా ఉంది. పక్కనే పారుతున్న వాగు మాత్రం లేదు. అదేదని అడిగితే, "గది వాగు గాదు సార్, నాలా. ఎండకాలం సుక్క నీళ్లుండయి," అన్నాడు. మరి ఇంత మొరం ఎందుకు పోశారయ్యా అంటే అందానికన్నాడు. పెళ్లినాడు నా మొహానికి కూడా అందం కోసం ఎవరూ ఇంత పూత పూయలేదు, కాబట్టి నాకు అనుమానం వచ్చింది. వద్దన్నాను. "నీకు అన్నిట్ల అనుమానమే మామా," అని అల్లుడు చిన్నబుచ్చుకున్నాడు. ఎందుకు వద్దో చెప్పాలంటే సిరిసిల్ల దాకా, అదీ నాకు మీసాలు కొత్తగా వచ్చిన కాలం దాకా పోవాలి. బండి మీద అంత దూరం పోలేక ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో జగిత్యాలలో ఒక ఆఫీసులో కొలతలు తీసే పని నాది. కొలతలు నావే గాని కొలువు ఇంకా నాది కాలేదు, పర్మినెంటు చేస్తామని ఆశపెట్టి తిప్పుకుంటున్న రోజులు. మానేరులో కలిసే చిన్నచిన్న వాగుల వెంట నడిచి, ఏ ఇంటిదాకా నీళ్లొస్తాయో తేల్చి, పటం మీద గీత గీయాలి. గీతకు లోపల పడ్డ ఇంటికి మిట్ట మీద ఇంటి జాగ ఇస్తారు, బయట పడ్డ ఇంటికి ఏమీ లేదు. కాబట్టి అందరూ నీళ్లొస్తాయనే చెబుతారనీ, గోడ మీద మరకను నమ్ముగాని మనిషి మాటను నమ్మవద్దనీ మా పెద్దసారు జీపు దిగకముందే చెప్పాడు. నాకు చెప్పాలా? చేతిలో కొలమానం ఒక్కటేగాని నెత్తిలో అనుమానం గంపెడు. మరక కనిపిస్తే పేడనీళ్లు చల్లారేమోనని గీకి వాసన చూసేవాణ్ణి. ఏ ముసలాయనైనా నడుముదాకా వచ్చాయంటే ముందు ఆయన పొడుగు కొలిచేవాణ్ణి.

సిరిసిల్ల అంచున ఒక నేతగాళ్ల వాడ ఉండేది. పది ఇళ్లు, వాగుకు కాస్త దూరంగా, కాస్త ఎత్తులో. ఇంటింటా గుంట మగ్గమే. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు: నేలలో గుంట తవ్వి, మనిషి దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి చాపి పలకలు తొక్కుతూ నేసే మగ్గం. గోడలన్నీ చూశాను, ఎక్కడా మరక లేదు. అయినా మొదటి ఇంటి నేతగాడు నన్ను లోపలికి పిలిచి గుంట చూపించాడు. అందులో జానెడు నీళ్లున్నాయి.

"మాకాడికి గోడలెక్కి రావు సారూ నీళ్లు, కిందికెల్లి ఊరుతయ్. వాగు పెరిగిందంటే ముందుగాల మా కాళ్లకే ఎరుక," అన్నాడు. నిజానికి పైన రుద్రంగి దిక్కు వానలు పడి, వాగు ఆ రోజు గట్లు తాకుతూ పారుతోంది. కాని నా కళ్లు గడప పక్కనున్న నీళ్ల బిందెల మీద పడ్డాయి. పక్కింటికి పోయి చూస్తే అక్కడి గుంటలోనూ నీళ్లే, వాడ చివరింటిదాకా నీళ్లే. బుద్ధి ఉన్నవాడికి అంతటితో సంగతి బోధపడేది. నాకు మాత్రం వాడంతా కూడబలుక్కుని పోసిందని బోధపడింది.

తిరిగి మొదటి ఇంటికే వచ్చి, గుంటలో నీళ్లన్నీ ముంతతో తోడించి, అడుగున గుడ్డతో అద్దించి, గుంట గోడకు సున్నంతో గీత పెట్టి, గోనెసంచి మీద కావలి కూర్చున్నాను. పాపం ఆయనకు ఆ రోజు నేత లేదు. మగ్గం మీద గంజి పెట్టిన నిలువుదారాల పడుగు చెమ్మకు అంటుకుపోతుందేమోనని దాన్ని తడిమి తడిమి చూసుకుంటూ నిలబడ్డాడు. ఇంటి ఇల్లాలు బిందె ఎత్తితే నా చూపు బిందె వెంట పొయ్యిదాకా పోయి మళ్లీ వచ్చేది. కాసేపు ఓర్చుకుని, "బియ్యం కడుక్కోనా సారూ, దానికి గూడ కాయితం రాయాల్నా?" అంది. ఆయన తల్లి గడపలో కూర్చుని బీడీలు చుడుతూ, "దొంగలకు కావలి కూసున్నోళ్లను సూసిన గని నీళ్లకు కావలి కూసున్నోన్ని నిన్నే సూస్తున్న కొడుకా. నేను సూస్తుంట, నువ్వు వోయి చాయ్ తాగి రా," అంది. ఆ దయతో నా అనుమానం రెట్టింపయ్యి, చాయ్ కూడా మానుకున్నాను. మధ్యాహ్నం వాళ్లే ఇంత జొన్న గట్క, పచ్చిపులుసు పెడితే కంచం ఒళ్లో పెట్టుకుని, కన్ను గుంటలో పెట్టి తిన్నాను.

పొద్దు వాలేసరికి గుంట అడుగు మెరిసింది. కాసేపటికి ఒక మూల నుంచి చల్లని, తేటనీళ్లు ఎవరినీ అడగకుండా పైకి వచ్చాయి. దీపాలు పెట్టే వేళకు నా సున్నం గీత మునిగింది. నేతగాడు పడుగును ఇంకాస్త పైకి ఎత్తి కట్టుకున్నాడు. ముసలమ్మ, "రేపు పక్కింట్ల గూసుంటవా?" అని అడిగింది. తెల్లవారితే జీపు వస్తుంది, కాగితాలు ఇచ్చేయాలి. నేను కాపలా కాసింది ఒక్క ఇల్లు, కాబట్టి నమ్మింది కూడా ఒక్క ఇల్లే. మిగతా తొమ్మిది గుంటల్లో నీళ్లు ఎవరో పోసినవేమో, ఎవరికి తెలుసు?

మర్నాడు పటం చూసి పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. వాగు వెంట బుద్ధిగా నడిచిన గీత ఆ ఇంటి దగ్గర మాత్రం మొటిమలా ఉబ్బింది. "ఏందయ్యా, గీ వాగు ఒక్కింటికే సుట్టపుసూపుగ వొయ్యి పక్కింటికి మొకం సూపియ్యలేదా? నీకేం వెట్టిండ్రు గాడ?" అన్నాడు. అబద్ధం చేతగాక గట్క పెట్టారన్నాను. జీపు డ్రైవరు కూడా నవ్వాడు. సారు రబ్బరు తీసి మొటిమను తుడిచేసి గీతను సాపు చేశాడు. పది ఇళ్లూ గీతకు బయటే పడ్డాయి. పది ఇళ్లనూ లోపల వేసి ఉంటే ఆ వంపుకు వాగు వంపులాంటి మర్యాద ఉండేది. నేను మిగతా తొమ్మిది ఇళ్లను అనుమానించడం వల్ల, నమ్మిన ఆ ఒక్కటీ అనుమానాస్పదమైంది.

మూడో ఏడు పెద్ద ముసురు పట్టినప్పుడు ఆ వాడలోకి వాగు రాలేదు. నేలే నాని, మట్టిగోడలు కూర్చున్నట్టుగా కూలాయట. పగటిపూట కావడంతో మనుషులు బయటపడ్డారు, మొదటి ఇంటి మగ్గం మాత్రం గుంటలోనే ఉండిపోయింది. నేతగాడు ఆలుబిడ్డలతో భీవండి మిల్లుకు వెళ్లిపోయాడు. ఇదంతా నాకు చెప్పింది ఆ ముసలమ్మే, ఎల్లంతకుంట బస్సులో. అక్కడ బిడ్డ దగ్గర ఉంటోందట. నన్ను గుర్తుపట్టి, జరిగి చోటిచ్చి, "నౌకరి పర్మినెంట్ అయిందా కొడుకా?" అని అడిగింది. అయిందన్నాను. "మంచిగాయె," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలా రోజులు వెతికాను, దొరకలేదు.

ఇప్పుడు మగ్గాలు కరెంటువయ్యాయి. గుంటలు పూడ్చి బండలు పరిచారు, బండల మీద జారిపడేంత నునుపు టైల్సు వేశారు. వాగు ఎంత పెరిగిందో ఆకాశం నుంచి చూసి ఫోన్లోనే చెప్పేస్తారట. నిజమే చెబుతారు కావచ్చు, ఈ వయసులో ఆకాశాన్ని కూడా అనుమానించే ఓపిక నాకు లేదు. కాని నేల లోపలికి కాళ్లు చాపి దినమంతా కూర్చుని, నీళ్లు రాకముందే వాటి చల్లదనం తెలిసిన మనుషులు ఇక లేరు. వాళ్లున్న రోజుల్లో పది గడపలు నా కోసం తెరిచే ఉన్నాయి. నేను ఒక్క గడప దగ్గర కూర్చుని లేచి వచ్చేశాను.