ఆపా పందిరి మీది పిట్టగూడు

ఇన్నేళ్లూ మోశాను. మల్లెల కాలం వస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ వాసన నాకు తలనొప్పి అని ఇంట్లో అందరూ అనుకుంటారు. అనుకోనిచ్చాను. మీకు మాత్రం నిజం చెబుతాను.

పందొమ్మిది వందల యాభైలలో హైదరాబాదు శాలిబండలో ఉండేవాళ్లం. మా పెరటికీ పక్కింటి ఆపా పెరటికీ మధ్య చిన్న తలుపు. ఉర్దూలో అక్కను ఆపా అంటారు, నేనూ ఆమెను అలాగే పిలిచేదాన్ని. ఇద్దరికీ ఒకే బావి. అదే మట్టి, అవే నీళ్లు. అయినా ఆమె గులాబీలు విరగబూసేవి, నావి ఆకులతో సరిపెట్టేవి. మా అత్తకు పొరుగింటి పుల్లకూర రుచి. పొద్దున లేస్తే ఆపా పొగడ్తే.

ఆ ఏడు చలి తగ్గుముఖం పట్టగానే ఒక తేనెపిట్ట వచ్చింది. నా దానిమ్మ చుట్టూ కాసేపు తిరిగింది. తిరిగి, వెళ్లిపోయి, ఆపా మల్లెపందిరికి గూడు కట్టింది. బూజూ, నారా, ఎండుటాకు ముక్కలూ కలిపి అల్లిన చిన్న సంచి. అది చూసి అత్త నాతో అంది, "పిట్టకు గూడ ఎర్కనే, ఎవరి చెయ్యి సల్లనిదో."

నవ్వుతూనే అంది. పిట్టకు కూడా నేను పనికిరానా? ఇంత వయసొచ్చిన ఆడది పిట్టగూటి కోసం ఏడుస్తుందా? ఏడుస్తుంది. నేను ఏడ్చాను.

మాఘంలో ఆపా, చెల్లెలి కాన్పుకని ఊరికి వెళుతూ తోట నాకు అప్పగించింది. ఆ నెలలో మల్లెకొమ్మలు కత్తిరించి ఆకు దూసేస్తేనే ఎండలకు మొగ్గ వేస్తుంది. కాబట్టి ఎవరు కత్తిరించినా తప్పు పట్టేవాళ్లుండరు. ఆపా ఆ ఏడు పందిరిని ముట్టకపోవడం గూటి కోసమేనని నాకు తెలుసు. పిట్ట గుడ్ల మీద ఉంది, ముక్కు బయటికి కనిపిస్తోంది. తెలిసే కత్తెర పట్టుకున్నాను. గూడున్న కొమ్మనే ముందు కోశాను. గుడ్లు బండ మీద చితికాయి. పిట్ట పొద్దుగూకే దాకా ఆ ఖాళీ చోటుకే వచ్చి వచ్చి పోయింది. నేను బండ కడిగేశాను.

ఆపా తిరిగొచ్చి, పందిరి వైపు చూసి, గూడుండిన చోటు చేత్తో తడిమింది.

"ఆకుల్ల గూడు కనపడలే ఆపా," అన్నాను.

"పోనీయ్ చెల్లె, ఫికర్ జెయ్యకు. సూసుకుంట సూసుకుంట ఎవరన్న కోస్తరా?" అంటూ నా వీపు నిమిరింది.

ఆ ఎండాకాలం పందిరి ఎన్నడూ లేనంతగా పూసింది. మొదటి దోసెడు పూలు ఆపా నాకే తెచ్చింది. నా చెయ్యి చల్లనిదని అత్త ముందే అంటూ, తనే నా జడలో తురిమింది. అత్త కూడా అవునంది. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లు కొట్టుకున్నానో! తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. కానీ ఇంకొకటి దాచకూడదు. లోలోపల సంతోషం కూడా వేసింది. గుడ్లు చిదిమినదానికన్నా అదే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

ఆపా పోయింది, అత్తా పోయింది. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు, మిమ్మల్ని అడగను. చూస్తూ చూస్తూనే కోశాను, ఆపా. ఈ మాట ఇవాళే మొదటిసారి రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.