డప్పు కొట్టని ఊరి వార్త

మా పక్కింటి ఆఫ్తాబ్ ఒక్క వేలితో పదివేల పక్షులను తరిమేశాడు. సరే, పదివేలు కాదు. నేను ఫోటోల్లో చూసినవి నూటికి కాస్త అటూ ఇటూ ఉంటాయి. వేలు మాత్రం ఒక్కటే.

ఆఫ్తాబ్ వాకాడులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. తీరిక దొరికితే ‘పచ్చకబురు’ అనే వెబ్‌సైటు నడుపుతాడు. రొయ్యల గుంటల నీళ్లు కాలవలో కలిసిన వార్తలు, వంటింటి చెత్తతో ఎరువు చేసే పద్ధతులు రాస్తాడు. చదివేవాళ్లు నలభై మంది. రెండు ఫోన్లలో చదువుతుంది గనక అతని భార్య నజ్మాను అందులో ఇద్దరిగా లెక్కవేయాలి.

పోయిన డిసెంబరులో పోలేరయ్య అనే రైతు ఆఫ్తాబ్‌ను తన ఊరికి రమ్మన్నాడు. తోడు వెళ్దామనుకున్నా నాకు ఒళ్లు బాగలేక అతనొక్కడే వెళ్లి, ఫోటోలు తెచ్చాడు. వరి కయ్యల వెనక నీటి మడుగులో తుమ్మచెట్ల నిండా సంచిముక్కు గూడబాతుల గూళ్లు. పిల్లలు ఎగిరేదాకా ఆ ఊళ్లో పెళ్లికి కూడా డప్పు కొట్టరు. పక్షుల రెట్ట కలిసిన నీళ్లే వాళ్ల వరికి బలం.

ఆఫ్తాబ్ మురిసిపోయి వార్త రాసి, దిద్దమని నాకిచ్చాడు. కాన్వెంటులో చదివినవాణ్ణి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నవి లేకపోతే అది వ్యాసమే కాదని సిస్టర్లు నేర్పారు. ఊరి పేరు, దారి, ఎడమవైపు మలుపు నేనే చేర్పించాను. అతను వేలితో ‘ప్రచురించు’ నొక్కాడు.

ఎవరో దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఆదివారానికి ముప్పై కార్లు వచ్చాయి. హారన్లు, పాటలు, చెట్లపైన ఒక డ్రోన్. పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. సాయంత్రానికి కూడా తిరిగి రాలేదు. గుడ్లను కాకులు పొడిచాయి.

మంగళవారం ఇద్దరం వెళ్లాం. నేను స్కూటర్ దగ్గరే ఆగిపోయాను. పోలేరయ్య ఆఫ్తాబ్‌ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

“వార్త తీసేసినా పెద్దాయనా. రేపు తప్పు ఒప్పుకుని రాస్తా. మీ ఊరోళ్లను క్షమించమని అడుగుతా.”

“దాంట్లో మా ఊరి పేరు మళ్లీ రాయాల గదా.”

“రాయకుండా ఎట్లా అడిగేది?”

“అడగబాక నాయినా. పై ఏడాది అవి వస్తాయో రావో. వస్తే మాత్రం ఎవురికీ తెలీకూడదు. ముందు మజ్జిగ తాగు. ఆ ముసలాయనెవురు, కొంగ మాదిరి ఒంటికాలి మీద నిలబడినాడు?”

“పక్కింటి తాత. ఊరికే తోడొచ్చినాడు. ఆయనకేం తెలీదు.”

నాకు వినబడింది. నాలుగడుగులు వేసి నిజం చెప్పి ఉండవచ్చు. స్కూటర్ అద్దం తుడుస్తూ ఉండిపోయాను.

అప్పటినుంచి పచ్చకబురులో పక్షుల మాటే లేదు, ఎరువు సంగతులే. తప్పు చేశానని నలుగురికీ చెప్పుకునే వీలు కూడా అతనికి లేకపోయింది. నేను మాత్రం ఆగలేక ఊరి పేరు తీసేసి, రైతు పేరు మార్చి, ఇదంతా రాసి నిన్న అతని అంగట్లో చదివి వినిపించాను.

ఫోను స్క్రూ విప్పుతూ తలెత్తకుండా విన్నాడు.

“అంతా అబద్ధం తాతా,” అన్నాడు. “ఆ ఊరు లేదు, ఆ పక్షులూ లేవు. నేనేం రాయలా. నువ్వేం దిద్దలా.”