మెట్టు మీద నా చోటు

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగువాళ్ల ఇళ్లకు తలుపులుండేవి గానీ, వాటిని వెయ్యాలని ఎవరికీ తోచేది కాదు. మెయిన్‌లాండ్ నుంచి షిప్పు వచ్చిందంటే కొత్తగా ఉద్యోగంలో చేరడానికి వచ్చిన వాళ్లెవరో ఒకరు ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని, జెట్టీ మీద బిక్కమొహం వేసుకుని నిలబడి ఉండేవారు. వాళ్లకి క్వార్టరు దొరికేదాకా ఎవరో ఒక తెలుగువాళ్లింట్లో దిగడం మా దీవుల్లో మర్యాద. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ మేమే ఎందుకయ్యేవాళ్లమని నాన్నని అడిగితే, "మీ అమ్మని అడుగు" అనేవారు. అమ్మ జెట్టీకి చేపలకని వెళ్లి మనుషుల్ని తెచ్చుకునేది. (చేపలు మర్చిపోయేది. వచ్చినవాళ్లకి పప్పుచారే గతి.)

పోయిన వానల్లో అమ్మ పోయింది. డాలీగంజ్‌లో మా పాత ఇంటి వరండా నిండా జనం. కూరగాయలమ్మే బెంగాలీ ముసలామె, రిటైరైన లారీ డ్రైవర్ భయ్యా, ఎవరెవరో వచ్చి నా చేతులు పట్టుకుని, "మీ అమ్మ నాకు మంచి స్నేహితురాలు" అని ఏడ్చారు. నేనూ ఏడుస్తూనే ఉన్నాను, కానీ లోపల కుతకుతా ఉడికిపోతున్నాను. అమ్మ స్నేహితురాలు కావడమనేది నా ఒక్కదానికే దక్కిన భాగ్యమనీ, మిగతా లోకానికి ఆవిడ ఉత్త పక్కింటావిడనీ నేను అరవయ్యేళ్లు దాటేదాకా నమ్ముకుని ఉన్నాను మరి. ఈ కుళ్లు నాకు కొత్త కాదు. పదహారేళ్లప్పుడు పట్టుకుంది, ఇప్పటిదాకా మందు దొరకలేదు.

అప్పుడు నాన్న చాతంలో కలప కోసే సామిల్లులో గుమాస్తా. నేను ఒక్కతే కూతుర్ని. మా దీవుల్లో పొద్దు తొందరగా వాలిపోతుంది కాబట్టి నాలుగయ్యేసరికి ఇంటిపనంతా తెమిల్చేసుకుని, అమ్మా నేనూ పెరటి మెట్టు మీద టీ గ్లాసులతో కూర్చునేవాళ్లం. ఆ మెట్టు ఇద్దరికే సరిపోతుంది. అమ్మ నాకు జడ వేస్తూ వీధిలో వాళ్లందరి మాటతీరూ నడకతీరూ చేసి చూపించేది. లోకంలో ఆడపిల్లలందరికీ తల్లులున్నారు గానీ, ఇలా కలిసి జనాన్ని ఆడిపోసుకునే తల్లి నాకొక్కదానికే ఉందని నాకు మహా గర్వంగా ఉండేది.

అలాంటి రోజుల్లో అమ్మ జెట్టీ నుంచి ఒక టీచర్ని తెచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి, తెలుగు బడికి కొత్తగా వేశారు, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. దారి పొడుగునా కక్కుకుంటూ వచ్చిందేమో, మా ఇంట్లో అడుగు పెట్టి గోడ పట్టుకుని, "అమ్మా, మీ ఇల్లు కూడా ఊగుతందేటి?" అంది. అంతే, అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. అమ్మని అంతలా నవ్వించడానికి నేను ఎన్ని కోతివేషాలు వెయ్యాల్సి వచ్చేదో నాకు తెలుసు. ఈవిడ గోడ పట్టుకుని ఒక్క మాటతో నవ్వించేసింది. ఊళ్లో పిల్లలందరూ ఆవిడని దీదీ అన్నారు. నేను పైకి "అక్కా" అని పిలిచి, మనసులో "షిప్పు సరుకు" అని పేరు పెట్టుకున్నాను.

క్వార్టరు ఇదిగో అదిగో అంటూనే నెలలు గడిచాయి. దీదీ బడి నుంచి వచ్చి మా మెట్టు దగ్గర నిలబడేది. అమ్మ కాస్త జరిగి, "కూర్చోవే" అనేది నన్ను కాదు, ఆవిడని. నేను లేవనుగా. ముగ్గురం ఇరుక్కుని కూర్చుంటే చివరికి గోడ గీరుకునేది నా మోచెయ్యే. ఇక వాన వస్తే నా పాట్లు చెప్పనక్కర్లేదు. రేకుల కప్పు మీద పడే వానకి పక్కమనిషి మాట వినబడదు కదా, వాళ్లిద్దరూ తలలు ఆనించుకుని చెవుల్లో మాట్లాడుకునేవారు. ఉన్నట్టుండి ఇద్దరూ పకపకా నవ్వేవారు. "ఏంటమ్మా?" అని నేను అరిస్తే, "ఏం లేదే" అని అమ్మ అరిచేది. ఆ "ఏం లేదే" అన్న మాట మీద నాకున్నంత పగ మరే మాట మీదా లేదు.

ఎండాకాలం సెలవులొచ్చాయి. దీదీకి వాళ్ల ఊళ్లో సంబంధం కుదిరేటట్టుందని కబురొచ్చింది. పెళ్లయితే ఇంక తిరిగి రాదని అందరూ అనుకున్నారు. ఆవిడ ట్రంకుపెట్టె నేనే సర్దాను. నా పరీక్షలకి పుస్తకాలు కూడా అంత శ్రద్ధగా సర్దుకుని ఎరుగను. అమ్మ పులిహోర మూట కట్టింది. వీధిలో వాళ్లు తమ తమ చుట్టాలకివ్వమని ఎండుచేపల పొట్లాలు తెచ్చిచ్చారు. జెట్టీకి బయల్దేరుతుంటే అమ్మ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది: "షిప్పు కదిలేదాకా ఎవరూ ఏడవకండి. కదలని షిప్పు కోసం ఏడిస్తే ఆ ఏడుపు దండగ." అండమాన్‌లో ఉన్నవాళ్లకి ఇది పెద్దబాలశిక్ష. షిప్పుల సంగతి మాకు తెలుసు. ఇవాళంటే రేపు, రేపంటే ఎల్లుండి.

కానీ ఆ రోజు నాకు సంతోషంతో ఒళ్లు తెలియలేదు. గెలిచినవాడికి దానగుణం పుట్టుకొస్తుందంటారు, అలాగే నాకూ వచ్చింది. జెట్టీ మీద అంతమంది తెలుగువాళ్ల మధ్య దీదీని వాటేసుకుని, "అక్కా, నువ్వు లేకపోతే మా ఇల్లు బోసిపోతుంది. నువ్వే గనక ఉంటే మెట్టు మీద అమ్మ పక్కన నా చోటు నీకే ఇచ్చేసేదాన్ని. నేను కొబ్బరికోరు పీట మీద కూర్చునేదాన్ని" అన్నాను. నా మాటలకి నాకే ఏడుపొచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. అమ్మ నా తల నిమిరింది. దీదీ షిప్పెక్కింది. సామాను చూడ్డానికి నాన్న అక్కడే ఆగారు, మేము బస్సెక్కి ఇంటికొచ్చేశాం.

నాలుగైంది. అమ్మా నేనూ మెట్టు మీద కూర్చున్నాం. నేను మోచేతులు రెండూ బారచాపి కూర్చున్నాను. టీ ఇంకా గుటక వెయ్యలేదు, గేటు చప్పుడైంది. నాన్న, ఆయన భుజం మీద ఆ ట్రంకుపెట్టె.

"షిప్పు మిషన్ ఖరాబైందట. కల్ యా పర్సోం, రేపో ఎల్లుండో అంటున్నారు. ఆ పర్సోం ఎప్పుడొస్తుందో భగవాన్ జానే" అన్నారు నాన్న.

ఆయన వెనకాల దీదీ మొహమంతా నవ్వుతో, "వొచ్చీసేనమ్మా" అంది. పులిహోర మూట ఇంకా చేతిలోనే ఉంది.

అమ్మ లేచి నిలబడి నావైపు చూసింది. అమ్మ చూపులో ఎక్కడా వెటకారం లేదు, నా ఖర్మ, నిండా ప్రేమే. "పాపం, మా చిట్టి నీమీద బెంగ పెట్టేసుకుంది" అని దీదీతో అని, నావైపు తిరిగి, " పీట తెచ్చుకోవే" అంది. తెచ్చుకున్నాను. ఏం చేస్తాను, ఊరంతా సాక్షులు. కొబ్బరికోరు పీటకి పళ్లున్న ఇనపముక్కు ఒకటి ఉంటుంది కదా, దానికి తగలకుండా ఒంటి పిర్ర మీద కూర్చోవడం ఆ వారమంతా అభ్యాసం చేశాను. పైగా దీదీ వెళ్లే రోజు వాయిదా పడ్డప్పుడల్లా అమ్మ కొత్తగా జంతికలు వండేది. నేనే పిండి కలపాలి.

చివరికి నిజంగానే షిప్పు కదిలిన రోజున నేను జెట్టీ మీద నోరు విప్పలేదు. "బిడ్డకి దుఃఖంతో మాట పెగల్లేదు" అనుకున్నారంతా. తీరా చూస్తే మెట్టు నాదే అయింది గానీ, అమ్మ నాకు దక్కలేదు. టీ చల్లారిపోతుంటే రోడ్డువైపు చూస్తూ కూర్చునేది. నవ్వించడానికి నేను దీదీ గోడ పట్టుకోవడం చేసి చూపించాను. "మీ ఇల్లు కూడా ఊగుతందేటి?" అమ్మ నవ్వింది, నవ్వి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ నెల చివర్లో, "నాన్నా, వైజాగ్ షిప్పు ఎప్పుడొస్తుంది?" అని అడిగిన మొదటి మనిషిని నేనే. అడిగేశాక నామీద నాకే ఒళ్లు మండింది.

దీదీ వచ్చింది, మొగుడితో సహా. ఆయనకీ ఇక్కడే ఉద్యోగం దొరికింది. గరాచర్మలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. నాకు పెళ్లై నేను నీళ్లకి అవతల బాంబూఫ్లాట్‌లో కాపురం పెట్టాక మెట్టు మీది చోటు ఎవరిదైందో వేరే చెప్పాలా?

అమ్మ పెద్దకర్మ నాడు జనమంతా వెళ్లాక దీదీ, నేనూ మిగిలాం. తల ముగ్గుబుట్టయింది ఆవిడకి. ఇన్నేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉన్నది అడిగేశాను.

"వానలో మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారక్కా?"

"నీకెందుకమ్మా?" అంది.

"నేను కూతుర్ని. నాకు తెలియాలి."

"కూతురివే. కూతురికి చెప్పుకోలేనివి ఉంటాయి కాదేటి? వాటికోసమే గదా నేను."

"నా గురించేనా?" అన్నాను ఆశగా.

"నీ గురించయితే నీకే చెప్పీసేది" అని ముక్కు చీదుకుని నవ్వింది. ఎంత బతిమాలినా అంతకు మించి ఒక్క ముక్క రాలలేదు.

ఇంటికొచ్చి మా ఆయన దగ్గర గింజుకున్నాను. "ఇంకా ఏం కుళ్లే, మీ అమ్మే పోయింది కదా" అన్నారు. పోతే మాత్రం? అమ్మ గురించి నాకు తెలిసిందంతా నెమరేసుకుంటే ఒక పూటలో అయిపోతోంది. తెలియనిది మాత్రం ఆ గరాచర్మ ఇంట్లో భద్రంగా కూర్చుని ఉంది. అందుకే వారానికోసారి చాతంలో ఫెర్రీ దిగి, గరాచర్మ బస్సెక్కి వెళ్లి అడుగుతున్నాను. ఆవిడ చెప్పదు. పోట్లాడి, టీ తాగి వచ్చేస్తాను. ఈమధ్య నాకో కొత్త భయం పట్టుకుంది. ఆవిడకీ వయసు మీద పడుతోంది, మనసు మెత్తబడి ఎప్పుడైనా చెప్పేస్తుందేమో, అదీ ఒక పూటలో అయిపోతుందేమోనని.