స్క్రీన్ మీద దాటిపోయిన ఓడ

2023, జులై నెల. సింగపూర్‌లో ఏ నెలైనా ఒకటే ఉక్క. ఉత్తర పసిఫిక్‌లో మాత్రం అది పొగమంచు కాలం. అప్పటికి నేను ఓడల మేనేజ్‌మెంట్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా సెక్యూరిటీ డెస్క్ చూస్తున్నాను. సెక్యూరిటీ అంటే గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం అనుకుని గుడివాడలో మా పిన్ని చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. నిజానికి నా పని వేరు. మా సరుకు ఓడలు వెళ్లే దారిలో దొంగలున్నారా, యుద్ధముందా, ఏ దేశపు నౌకాదళమైనా ఫైరింగ్ ప్రాక్టీసు పెట్టుకుందా అని చూసి ఓడకు ముందే మెయిల్ చెయ్యాలి. దారి బాగుంటే గ్రీన్, జాగ్రత్తగా వెళ్లమంటే ఆంబర్, వద్దంటే రెడ్.

దీనికి తోడు ఇంకో బాధ్యత అడగకుండానే నెత్తిన పడింది. మా ఓడల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఇళ్ల నుంచి వాళ్ల భార్యలో, తల్లులో ఫోన్ చేస్తే రిసెప్షన్ వాళ్లు ఆ కాల్ నా టేబుల్‌కి తోసేసేవారు. వాళ్ల భయం విని, ‘ఏం కాదమ్మా’ అని సర్దిచెప్పడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు చూసుకుని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఆఫీసులో నాకున్న అసలు పేరు మాత్రం రష్యా జలాంతర్గాముల గురించి తెలిసిన మనిషినని. ఆడమనిషివి, నీకు ఇదేం పిచ్చి అని అడిగినవాళ్లకు లెక్కలేదు. నాకది పిచ్చి కాదు, పనిలో భాగం. ఎందుకో కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రోజు జరిగింది అర్థం కాదు.

అణు జలాంతర్గాముల్లో ముఖ్యంగా చెప్పుకోవలసినవి రెండు రకాలు. బాలిస్టిక్ క్షిపణులు మోసేవి ఒకటి. అవి అణుయుద్ధమంటూ వస్తే వాడడానికి దాచిపెట్టుకునేవి. రష్యా వాటిని తన తూర్పు తీరంలో ఎక్కువగా ఒఖోట్స్క్ సముద్రంలో దాస్తుంది. క్రూయిజ్ క్షిపణులు మోసేవి రెండో రకం. క్రూయిజ్ క్షిపణి అంటే పైలట్ లేని చిన్న విమానం అనుకోండి, నీళ్ల మీద బాగా కిందుగా ఎగురుతూ పోతుంది. సోవియట్ కాలంలో ఈ రెండో రకాన్ని కట్టింది అమెరికా విమాన వాహక నౌకల్ని వేటాడడానికి. ఇప్పుడు వాటి పని పెరిగింది. ఓడల మీదే కాదు, వందల మైళ్ల అవతల నేల మీదున్న లక్ష్యాల్ని కూడా కొట్టే క్షిపణులు వాటికి అమరుస్తున్నారు. నీటి మీద పెద్ద యుద్ధనౌకలు కొత్తగా కట్టడం రష్యాకు భారమైపోయింది. అందుకని దూరం నుంచి కొట్టే బలాన్ని నీటి కింద పెట్టుకుంటోంది. అవతలివాడికి అది ఎక్కడుందో తెలియదు, ఎక్కడిదాకా కొట్టగలదో మాత్రం తెలుసు. ఆ బెదురే వాళ్లకు కావలసింది.

ఒఖోట్స్క్ సముద్రానికి కంచెలాగా కురిల్ ద్వీపాలు వరసగా ఉంటాయి. ఆ కంచె అవతల, పసిఫిక్ వైపున, అప్పుడప్పుడూ విన్యాసాలు చేస్తారు. జలాంతర్గామి ఒకచోటి నుంచి క్షిపణి వదులుతుంది, దూరంగా నిలబెట్టిన, ఇంజన్ లేని పాత బార్జి పడవ దాని లక్ష్యం. ఎక్కడ, ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నది ముందే అన్ని ఓడలకూ రేడియోలో ప్రకటిస్తారు. దాన్ని నావిగేషనల్ వార్నింగ్ అంటాం. చార్టు మీద వాళ్లు చెప్పిన నాలుగు మూలలూ కలిపితే ఒక పెట్టె వస్తుంది. ఆ వేళకు ఆ పెట్టెలో ఉండకూడదు, అంతే.

కెనడా నుంచి గోధుమలు వేసుకుని జపాన్ వస్తున్న మా ఓడ ఒకటి సరిగ్గా అలాంటి పెట్టె గుండా రావలసి వచ్చింది. రోజూ ఓడలో మధ్యాహ్నం పన్నెండుకి, అంటే మాకు పొద్దున తొమ్మిదికి, నూన్ రిపోర్టు వస్తుంది. ఓడ ఎక్కడుంది, వేగమెంత అన్న రోజువారీ చీటీ అది. ముందురోజు వచ్చిన రిపోర్టు ప్రకారం ఓడ అప్పుడే పెట్టెలోకి అడుగుపెట్టింది. గంటకు పదమూడు నాటికల్ మైళ్ల వేగం. పన్నెండు గంటల్లో అవతలికి వెళ్లిపోతుంది. కాల్పులు మొదలయ్యేది మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి, ఓడ టైము ప్రకారం. బోలెడంత తేడా ఉంది. గ్రీన్ పంపి ఇంటికి వెళ్లి హాయిగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింపావుకు లావణ్య ఫోన్. సింగపూర్‌లోనే, సెంగ్‌కాంగ్‌లో ఉంటుంది. కాకినాడమ్మాయి. భర్త సురేష్ ఆ ఓడలో చీఫ్ ఆఫీసర్.

“మేడమ్, సారీ అండీ, ఇంత పొద్దున్నే డిస్టర్బ్ చేస్తున్నాను. యూట్యూబులో ఎవడో చెప్తున్నాడండీ, రష్యా సబ్‌మెరైన్ మిస్సైల్స్ వేస్తోందంట ఇవాళ, జపాన్ పైన. మా ఆయన ఉండేది అటే కదండీ?”

నేను స్క్రీన్ వైపు చూశాను. మ్యాపు మీద మా ఓడ బొమ్మ పెట్టె దాటి చాలా దూరం వచ్చేసింది. గొంతులోకి నా మామూలు చల్లదనం తెచ్చుకున్నాను.

“ఏం కాదమ్మా. అది మామూలు ప్రాక్టీసు. మీవారి ఓడ నిన్న రాత్రే దాటేసింది. ఆ యూట్యూబులు చూడకండి, బీపీ వస్తుంది.”

“దాటేశారా అండీ?” ఒక్క క్షణం ఆగింది. “మరి నిన్న మధ్యాహ్నం నుంచి ఆగిపోయామన్నారండీ. ఇంజన్ ఏదో విప్పారంట. ఇందాకే ఫొటో పెట్టారు, బకెట్ నిండా స్క్విడ్లు పట్టారు. అది కూర ఎలా వండాలే అని నన్ను అడుగుతున్నారు.”

బొమ్మను దగ్గరికి లాగి చూస్తే అది ఆకుపచ్చ కాదు, బూడిద రంగు. ఓడ నుంచి సిగ్నల్ రాకపోతే మా సాఫ్ట్‌వేర్ ఊరికే ఉండదు. పాత వేగంతో ఓడ ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో తానే లెక్కగట్టి, బొమ్మను బూడిద రంగులో జరుపుకుంటూ పోతుంది. ఓడ సముద్రంలో ఆగిపోయింది. నా స్క్రీన్ మీద మాత్రం రాత్రంతా ప్రయాణం చేసింది. ఆ రంగు తేడా కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే నేర్పేది నేనే.

“లావణ్యా, నేను మళ్లీ చేస్తాను” అని ఫోన్ పెట్టేశాను. ఎందుకో చెప్పలేదు.

టైము ఎనిమిదీ ఇరవై రెండు. తొమ్మిదికి కాల్పులు.

మా మేనేజర్ కెప్టెన్ లిమ్ అప్పుడే కాఫీ కప్పుతో వస్తున్నాడు. ఇరవయ్యేళ్లు ఓడలు నడిపిన సింగపూర్ మనిషి, ప్రతి మాట చివరా ‘లా’ తగిలిస్తాడు. ఒక్క ముక్కలో చెప్పాను. కప్పు నా టేబుల్ మీదే పెట్టేశాడు.

“నో గెస్సింగ్ లా. ఫస్ట్ కాల్ ద షిప్” అని, తాను ఆ సముద్ర భాగం చూసే రష్యన్ రెస్క్యూ సెంటర్ నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

శాటిలైట్ ఫోన్‌లో ఓడ కెప్టెన్ దొరికాడు. గోవా మనిషి, నెమ్మదస్తుడు.

“సార్, మీరు ఫైరింగ్ ఏరియాలో ఉన్నారు. తొమ్మిదికి మొదలు, మీకు పన్నెండు.”

“ఆ వార్నింగ్ మా దగ్గరుంది మేడమ్. దాని మీదే మీ గ్రీన్ మెయిల్ పిన్ చేసి ఉంది.”

ఆ మాట అతను ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. ఓడ ఆగిపోయిందని కబురు పంపారు, అది టెక్నికల్ డిపార్ట్‌మెంటుకి వెళ్లింది. మూడు టేబుళ్ల అవతల ఎవరి మెయిల్‌లోనో పడి ఉంది. ఆఫీసు చూసుకుంటోందని ఓడవాళ్లు, ఓడవాళ్లు చూసుకుంటున్నారని మేము.

“కదలగలరా?”

“సిలిండర్ విప్పి పిస్టన్ బయటికి తీశాం. ఎంత తొందరపడినా ఆరు గంటలు.”

“బయట ఎలా ఉంది?”

“పొగమంచు. మా ఓడ ముందు భాగం మాకే కనిపించడం లేదు.”

పొగమంచులో ఆ ఓడను కంటితో చూసి గుర్తుపట్టేవాళ్లు ఉండరు. ఇక క్షిపణి సంగతి నాకు తెలుసు. ఓడల్ని కొట్టే క్షిపణి చివరి దూరంలో తన చిన్న రాడార్‌తో వెతుక్కుంటుంది. జెండా చూడదు. నీటి మీద పెద్దగా, కదలకుండా ఉన్నదేమిటా అని చూస్తుంది. వాళ్ల బార్జికంటే గోధుమలు మోస్తున్న మా ఓడ ఎన్నో రెట్లు పెద్దది. ఇంజన్ ఆగి తేలుతోంది. అందులో ఇరవై రెండు మంది ఉన్నారు. కాల్పుల ముందు ఎవరూ లేరని వాళ్లు వెతికి చూసుకుంటారని కూడా తెలుసు. కానీ ఆ నిమిషంలో ఆ తెలివి నాకేమీ ధైర్యం ఇవ్వలేదు. నేనూ చూసుకునే మనిషినే కదా, చూశానా?

చేయవలసినవి గబగబా చెప్పాను. ఓడ తన అదుపులో లేదని తెలిపే దీపాలూ గుర్తులూ పెట్టమన్నాను. అవి నిన్ననే పెట్టారట. రేడియోలో పేరు, స్థానం, ఇంజన్ పనిచెయ్యడం లేదన్న సంగతి ఆపకుండా చెప్తూ ఉండమన్నాను. ఫోన్ పెట్టవద్దని, రేడియో దగ్గరే ఉంచమని బతిమాలాను. కెప్టెన్ లిమ్ పక్కనే ఇంకో ఫోన్‌లో అక్షాంశం, రేఖాంశం అంకె అంకె విడదీసి మూడోసారి చెబుతున్నాడు. అవతలివాళ్లు రాసుకున్నారు. నౌకాదళానికి చెప్తామన్నారు. ఎప్పుడు చెప్తారో చెప్పలేదు.

ఫోన్‌లో సురేష్ గొంతు వినిపిస్తోంది. ఓడ పేరు, స్థానం, పేరు, స్థానం. కాకినాడ యాస ఇంగ్లీషులో కూడా దాగదు. ఎనిమిదీ నలభై. నలభై ఐదు. నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు, కానీ ఆ పది నిమిషాల్లో తెలిసిన దేవుళ్లందర్నీ పేరుపేరునా పలకరించాను.

ఎనిమిదీ యాభై ఒకటికి రేడియోలో గరగరమని ఇంకో గొంతు. ముతక ఇంగ్లీషు, కానీ ప్రతి ముక్కా అర్థమైంది.

“రష్యన్ నేవీ ఓడ నుంచి మాట్లాడుతున్నాం. మిమ్మల్ని పొద్దున్నుంచి రాడార్‌లో చూస్తున్నాం. ఎందుకు ఆగారో అడగడానికే వస్తున్నాం. రిపేరుకు ఎంతసేపు?”

“ఆరు గంటలు” అన్నాడు సురేష్.

ఆ రష్యన్ గొంతు మళ్లీ అడిగింది.

“ఆరంటే ఆరేనా?”

“ఆరే సార్.”

“సరే. ఈరోజు ఏమీ ఉండదు. మీరు నిదానంగా బిగించుకోండి. మా వాళ్లు మీ పుణ్యమా అని భోజనం వేళకు తింటారు.”

ఫోన్‌లో ఓడ కెప్టెన్ పెద్దగా నవ్వడం వినిపించింది. ఆ వెనక ఎవరో ఈల వేశారు. నేను ఏడ్చేశాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. కెప్టెన్ లిమ్ చల్లారిపోయిన కాఫీ నా వైపు జరిపి, “డ్రింక్ లా” అన్నాడు. తీపి ఎక్కువైన ఆ చల్లటి కాఫీ అంత రుచిగా ఎప్పుడూ లేదు.

సాయంత్రానికల్లా ఓడ ఇంజన్ తిరిగింది. కొత్తగా ప్రకటించిన కాల్పుల వేళకు పెట్టె దాటి చాలా దూరం వచ్చేసింది. ఈసారి ఆ మాట స్క్రీన్ కాదు, సురేషే ఫోన్‌లో చెప్పాడు. ఆఫీసులో రెండు నియమాలు వచ్చాయి. ఓడ ఎక్కడ ఆగినా ఆ కబురు సెక్యూరిటీ డెస్కుకి కూడా రావాలి. గ్రీన్ పంపాక ఓడ ఆ పెట్టె దాటిందని ఓడ నోటే వినాలి. మంచివే. కానీ నాకు మిగిలిన పాఠం ఆ రెండిట్లో లేదు.

ఆ పొద్దున్నే, తొమ్మిది దాటాక లావణ్యకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. అంతా బాగుందని చెప్పి పెట్టేయొచ్చు. ఎవరూ అడగరు. కానీ బకెట్, స్క్విడ్లు, ఆ ‘ఏం కాదమ్మా’ చెవిలో తిరుగుతూనే ఉన్నాయి. జరిగిందంతా చెప్పేశాను, బూడిద రంగు బొమ్మతో సహా.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“అయితే అక్కా, నేను ఫోన్ చెయ్యకపోతే?”

“రష్యావాళ్లు చూసేవారు, చూశారు కూడా. నేను మాత్రం చూసేదాన్ని కాదు లావణ్యా.”

“మీరు ‘దాటేసింది’ అనగానే ‘సరే మేడమ్’ అని పెట్టేద్దామనుకున్నానక్కా. మీకు అన్నీ తెలుసు కదా, నేను చెప్పేదేంటి అనిపించింది. ఆయన కూర సంగతి అడిగారు కాబట్టి నోరు జారింది.”

కోప్పడి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి తాను చెప్పడానికి మొహమాటపడ్డానని నాకు సంజాయిషీ ఇస్తోంది. మొహమాటపెట్టింది నా గొంతు. చేతిలో నిజం పట్టుకుని భయపడుతూ ఫోన్ చేసిన మనిషిని నేను ఓదార్చి పంపించేయబోయాను. ఎక్కడో నీటి కింద ఉన్న జలాంతర్గామి ఎందుకక్కడుందో గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. మా ఓడ కదులుతోందా లేదా అన్నది సెంగ్‌కాంగ్‌లో ఒక ఇల్లాలికి తెలుసు, నాకు తెలియదు.

ఇప్పటికీ తెలుగు ఫోన్లన్నీ నా టేబుల్‌కే వస్తాయి. “ఏం కాదమ్మా” అని నేనిప్పుడు మొదలుపెట్టను. “మీకు ఏం తెలుసో ముందు చెప్పండి” అంటాను. చెప్పడం పూర్తయ్యేదాకా స్క్రీన్ వైపు చూడను.