పెట్టెలో అమ్మ గొంతు

బస్సు కండక్టరమ్మది కంచుకంఠం. ఆమె స్టాపు పేరు పిలిస్తే, దిగనక్కర్లేనివాళ్లు కూడా దిగిపోయేవారు. సర్కారు బడిలో పాఠాలు చెప్పే పెట్టె పెట్టినప్పుడు, దానికి గొంతు కోసం ఆమెచేత నాలుగు పేజీలు చదివించారు. ఆమె మురిసిపోయింది.

నెల తిరక్కుండానే కూతురు ఎదురుచెప్పసాగింది. “బళ్లో అమ్మ విసుక్కోదు. నువ్వే ఊరికే అరుస్తావ్.”

కడుపు మండి, ఆ గొంతు తీసేయించాలని ఆమె డ్యూటీ మానుకుని బడికి వెళ్లింది. తరగతి గుమ్మంలో కాలు పెట్టగానే పెట్టె పాఠం ఆపి, ఆమె గొంతుతోనే అంది. “ఫుట్‌బోర్డు మీద నిలబడకమ్మా. పైకైనా ఎక్కు, కిందికైనా దిగు.”

ఆ మాట ఆమె బస్సులో తప్ప ఎక్కడా అనలేదు. దిక్కుతోచక కూతురి వైపు చూసింది.

కూతురు పెట్టె మీంచి చూపు తిప్పకుండానే, “అమ్మ చెప్తోందిగా, దిగండి” అంది.