లక్ష్మీకాంతం గారి బోణీ

ఒహాయోలో కౌంటీ వాళ్లు అమ్మకం పన్ను పెంచారంటే మన సరుకుల కొట్లవాళ్లకు ముందు గుర్తొచ్చేది వాళ్ల లెక్కలు చూసిపెట్టే లక్ష్మీకాంతం గారే. కొట్టు తెరవకముందే వచ్చి, స్వెటర్ చేతులు మోచేతుల దాకా లాక్కుని, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కొత్త రేటు ఎక్కిస్తారు. పాత రేటును మాత్రం చెరపరు. నిన్నటి బిల్లు నిన్నటి లెక్కలోనే ఉండాలంటారు. అంతా అయ్యాక సొంత డబ్బుతో తనే బోణీ చేస్తారు, పన్ను పడే వస్తువొకటి, పడనిదొకటి కొని.

మొన్న జితేందర్ కొట్లో స్టీలు గిన్నె, కందిపప్పు కొన్నారు. బిల్లు చూసేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది. తిండిసరుకు మీద ఉండకూడని పన్ను పప్పు మీదా పడింది.

"తప్పు నాదే బాబూ, పప్పులకీ పన్ను టిక్కు పెట్టేశాను."

బయట చలిలో జనం నిలబడి ఉన్నారు. "ఫిఫ్టీ సెంట్సే కదా ఆంటీ! ఈవెనింగ్ ఫిక్స్ చేద్దాం, డోర్ ఓపెన్ చేస్తున్న," అన్నాడు జితేందర్.

"సాయంత్రం దాకా ఎంతమంది పప్పు కొంటారు? వాళ్లందర్నీ మళ్లీ ఎక్కడని వెతుకుతావ్?"

జితేందర్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆవిడ టిక్కు తీసేసి, పప్పుకు మళ్లీ బిల్లు కొట్టించారు. ఈసారి పన్ను పడలేదు.

"ఇక తియ్యి. చలిలో నిలబెట్టింది నేను కాబట్టి సారీ కూడా నేనే చెప్తాను," అంటూ అతనికంటే ముందే గుమ్మం దగ్గరికి నడిచారు.